వడ్డీ ముందు ఓడిపోయిన చేప

నిరుడు జూలైలో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉండగా ఒక రాత్రి అల్లుడు చేప వేయించాడు. తెల్లటి ముక్కలు, ముల్లన్నది లేదు, నీచువాసన కూడా తెలియలేదు. ఉప్పు, పసుపు, మిరియాలపొడి తప్ప ఏమీ పట్టించలేదు. చేప అంటే కొరమేను, పులుసు అంటే మామిడికాయ వేసినదే అని నమ్ముతూ ఇంతకాలం బతికినవాణ్ణి. అయినా మరో ముక్క అడిగి వేయించుకున్నాను. ఇదేం చేప అంటే అల్లుడు ఫ్రిజ్‌లోంచి ప్యాకెట్ తీసి చూపించాడు. ఆరెంజ్ రఫీ అని ఉంది.

తిరుపతికి వచ్చాక ఆ పేరు గుర్తొచ్చి ఒక రాత్రి దాని గురించి చదవడం మొదలుపెట్టాను. చదవడం ఆపేసరికి ఒంటిగంట దాటింది. ఆ చేప గుడ్లు పెట్టే వయసుకు రావడానికే ఇరవై నుంచి నలభై ఏళ్లు పడుతుంది. మార్కెట్‌కు వచ్చేవి చాలావరకు అంతకంటే పెద్దవి. వందేళ్లు దాటినవీ వాటిలో ఉంటాయి. నాకు అరవై ఆరు. ఆ రాత్రి నా పళ్లెంలో ఉన్నది నా ఈడుది కావచ్చు, మా నాన్న ఈడుదీ కావచ్చు.

అప్పటినుంచి ఆ విషయం నన్ను వదలలేదు. బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు, అందులో ఎక్కువ కాలం అప్పుల విభాగంలో పనిచేశాను. ఏది ఎంత కాలానికి ఎంత పెరుగుతుంది అన్నదే నా ఉద్యోగం. అందువల్లనేమో, ఈ చేప కథ నాకు జీవశాస్త్రంలా కాక వడ్డీ లెక్కలా కనిపించింది. ఎనిమిది నెలలు అటూ ఇటూ తిప్పి చూశాక నాలో నిలిచిన అభిప్రాయం ఒకటే. వడ్డీకన్నా నెమ్మదిగా పెరిగే ప్రాణిని, అందులోనూ మనిషి నాటనిదాన్ని, అమ్మకానికి పెట్టకూడదు. పరిమితులు పెట్టి, పద్ధతిగా, కొద్దికొద్దిగా అని చెప్పినా సరే, పెట్టకూడదు. ఈ మాట ఎంత మొండిగా వినిపిస్తుందో నాకు తెలుసు. ఎందుకు ఇంత మొండిగా అంటున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

జిగురు తలలు

ఈ చేప ట్రాకిక్తియిడే అనే చిన్న కుటుంబానికి చెందింది. గ్రీకులో ఆ మాటకు గరుకు చేప అని అర్థం. మొత్తం యాభై జాతులకు అటూ ఇటూగా ఉంటాయి. ఎక్కువ భాగం చిన్నవే. పొట్టకింద రంపపు పళ్లలాంటి పొలుసుల వరస ఉంటుంది. కొన్నిటి శరీరంలో వెలుగునిచ్చే సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. తల ఎముకల మీద గుంటలూ కాలువలూ ఉండి, వాటి నిండా జిగురు ఉంటుంది. చీకట్లో నీటి కదలికను పసిగట్టే ఏర్పాటు అది. అందుకే ఇంగ్లీషులో ఈ కుటుంబానికి జిగురు తలలు అనే అర్థం వచ్చే పేరు ఉండేది. ఈ కుటుంబపు చేపలు మన అరేబియా సముద్రపు లోతుల్లోనూ ఉన్నాయి.

వీటిలో పెద్దగా పెరిగి, పెద్దఎత్తున బజారుకెక్కినది ఒకటే. 1889లో నార్వే శాస్త్రవేత్త రాబర్ట్ కొల్లెట్ దానికి శాస్త్రీయ నామం పెట్టి వర్ణించాడు. తర్వాత దాదాపు తొంభై ఏళ్లపాటు మ్యూజియం సీసాల్లో తప్ప దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అది ఉండేది ఐదు వందల మీటర్లనుంచి పదిహేను వందల మీటర్ల లోతున, ఎండ చేరని చల్లటి నీటిలో. అక్కడికి చేరే వలలు, ఆ చీకట్లో చేపల గుంపును కనిపెట్టే యంత్రాలు 1970లలో వచ్చాయి. అప్పుడు న్యూజిలాండ్ దగ్గర గుంపులు గుంపులుగా దొరికింది. మాంసం తెల్లగా, మెత్తగా, నెలల తరబడి గడ్డకట్టించినా రుచి చెడకుండా ఉంది. ఒక్కటే అడ్డం: జిగురు తల అంటే ఎవరు కొంటారు? అందుకని అమెరికా బజారుకోసం ఆరెంజ్ రఫీ అని పేరు మార్చారు. బతికున్నప్పుడు అది ఇటుక ఎరుపులో ఉంటుంది. చచ్చాకనే ఆ నారింజ ఛాయ వస్తుంది. అంటే మనం పిలుస్తున్న పేరు దాని శవం రంగును బట్టి పెట్టినది.

ఈ పేరు సంగతి నాకు చిన్నదిగా అనిపించలేదు. కొరమేను, బొచ్చె, శీలావతి, వాలుగ, జెల్ల, ఇంగిలాయి. మన చెరువుల్లోని ప్రతి చేపకూ పేరుంది, ప్రతి పేరు వెనుకా దాన్ని ఎరిగినవాళ్లున్నారు. ఏ నెలలో గుడ్డు మీద ఉంటుందో, ఏ నెలలో వల వేయకూడదో చెప్పగల ముసలివాళ్లున్నారు. ఈ చేపకు ఏ తీరంలోనూ అలాంటి ముసలివాళ్లు లేరు. దానికి తొలిసారి ఆప్యాయంగా పేరు పెట్టినవాళ్లు అమ్మేవాళ్లే.

చెవిలోని రాయి

చేపలకు తలలోపల చెవి దగ్గర చిన్న సున్నపు రాయి ఉంటుంది. చెట్టు మానులో వలయాల్లా అందులో పొరలు పడతాయి. దాన్ని కోసి, పలుచగా చేసి, భూతద్దంలో పొరలు లెక్కపెట్టి వయసు చెబుతారు. తొలిరోజుల్లో ఈ చేప రాయిని కోయకుండా పైపైన చూసి ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుందేమో అనుకున్నారు. మామూలు చేపలాగే పెరుగుతుందని అనుకుని, ఏటా ఎంత పట్టవచ్చో ఆ లెక్కమీదే నిర్ణయించారు.

1991లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు మరో దారి పట్టారు. చేప పిల్లగా ఉన్నప్పుడే ఆ రాయి నడిబొడ్డులో సముద్రపు నీటినుంచి రవ్వంత రేడియం చేరుతుంది. అది మెల్లగా మారుతూ సీసంలోని ఒక రూపంగా పోగుపడుతుంది. ఆ రెంటి నిష్పత్తి చూస్తే ఎన్నేళ్లు గడిచాయో తెలుస్తుంది. పొరలు లెక్కపెట్టే మనిషి కంటిచూపుతో దీనికి పనిలేదు. మూరెడు కూడా లేని చేపలకు 77 నుంచి 149 ఏళ్లని తేలింది. అప్పటికి వేట మొదలై పుష్కరం దాటింది. లెక్క తప్పని తెలిసేసరికి సరుకు సగానికిపైగా అమ్ముడైపోయింది.

అంతకన్నా పెద్దది 2015లో దొరికింది. న్యూజిలాండ్‌కు తూర్పున నడిసముద్రంలో, నీటి అడుగు కొండల దగ్గర పట్టిన ఒక చేప వయసు 230 నుంచి 245 ఏళ్లని తేల్చారు. ఆ అంకె చదివి నేను ఊరికే ఉండలేకపోయాను. చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో హైదర్ అలీ కన్నుమూసింది 1782 డిసెంబరులో. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఆ చేప గుడ్డులోంచి బయటపడింది. అది తొలిసారి గుడ్లు పెట్టే ఈడుకు వచ్చేసరికి ఈ సీమ కుంఫిణీ చేతికి వచ్చింది. తిరుమల ఆలయ నిర్వహణ 1843లో హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించేనాటికి దానికి అరవై దాటాయి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. మా అమ్మ పుట్టింది. 1944లో కొండమీదికి మొదటి ఘాట్ రోడ్డు పడింది. నేను పుట్టాను, బ్యాంకులో చేరాను. ఇంతకాలమూ అది ఆ చీకట్లో ఆ కొండ చుట్టూ తిరుగుతూనే ఉంది. తర్వాత ఒకరోజు వలలో పడింది.

ఈ సంగతి మా అమ్మకు చెప్పాను. ఆమెకు ఎనభై ఎనిమిది. చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. "అది పిల్లలు పెట్టే వయసుకు రావాలంటే ఎన్నేళ్లు పడుతుందన్నావు?" అని అడిగింది. ముప్పై అనుకో అన్నాను. "అప్పటిదాకా దాన్ని పట్టకుండా ఎవరు ఆగుతారు నాయనా?" అంది.

ఆమె అడిగిందే అసలు ప్రశ్న.

నూటికి ఒకటిన్నర

ఆగేవాళ్లు ఎందుకు ఉండరో నాకు తెలిసిన భాషలో చెబుతాను. ఈ చేపల సంపద నూరు టన్నులుంటే, తరగకుండా ఏటా తీసుకోగలిగేది ఒకటి, ఒకటిన్నర టన్ను, మహా అయితే రెండు. దాన్ని వడ్డీ అనుకుందాం. సముద్రం అనే బ్యాంకు ఇచ్చే వడ్డీ నూటికి ఒకటిన్నర. అదే నూరు టన్నులూ ఈ ఏడే పట్టి అమ్మి, ఆ డబ్బు మా బ్యాంకులో వేస్తే నూటికి ఆరో ఏడో వస్తుంది. పడవ యజమాని దుర్మార్గుడు కానక్కర్లేదు, దురాశాపరుడూ కానక్కర్లేదు. లెక్క వచ్చినవాడైతే చాలు. పొదుపుగా పట్టడం అతని దృష్టిలో నష్టం.

ఇది నేను కనిపెట్టిన మాట కాదు. 1973లోనే కోలిన్ క్లార్క్ అనే కెనడా గణిత శాస్త్రవేత్త తిమింగలాలను ఉదాహరణగా తీసుకుని దీన్ని నిరూపించాడు. ప్రాణి పెరిగే రేటు వడ్డీ రేటుకన్నా బాగా తక్కువైతే, దాన్ని పూర్తిగా చంపి సొమ్ము చేసుకోవడమే యజమానికి లాభం. ఆ సంపదకు ఒకే ఒక్క యజమాని ఉండి, పోటీ అన్నది లేకపోయినా అంతే. నాకు నిద్రపట్టనివ్వనిది ఈ రెండో మాట. ఉమ్మడి సొత్తు కాబట్టి పాడైంది, ఎవరో ఒకరికి హక్కు రాసిస్తే వాళ్లే కాపాడుకుంటారు అని మనం వింటూ ఉంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. త్వరగా పెరిగేవాటి విషయంలో ఆ మాట నిజమే కావచ్చు. నెమ్మదిగా పెరిగేదానికి యజమానే మొదటి ప్రమాదం.

చేప తగ్గేకొద్దీ వెతికి పట్టే ఖర్చు పెరుగుతుంది, ఆ ఖర్చుకు భయపడి ఎప్పుడో ఒకప్పుడు ఆగుతారు అని దీనికి జవాబుగా చెబుతారు. చెల్లాచెదురుగా తిరిగే చేపకు అది సరే. ఆరెంజ్ రఫీ అలాంటిది కాదు. గుడ్లు పెట్టే కాలంలో అవన్నీ సముద్రం అడుగున ఉన్న కొండల చుట్టూ ఒకచోట గుమిగూడతాయి. న్యూజిలాండ్ వైపు అది జూలై నెల. వల సరిగ్గా అక్కడ దించితే నిమిషాల్లో టన్నులు టన్నులు పడతాయి. వలలు చిరిగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. సగం చేప పోయినా, ముప్పాతిక పోయినా, మిగిలినవి అదే కొండ దగ్గరికి అదే నెలలో వస్తాయి. చివరి ఏడాది వరకూ వల నిండుతూనే ఉంటుంది. బీరువాలో నగలు తరిగిపోతుంటే, తలుపు తీసిన ప్రతిసారీ నిండుగానే కనిపించినట్టు.

ఏం జరిగిందో క్లుప్తంగా చెబుతాను. న్యూజిలాండ్ వేట 1980ల చివరికి ఏటా 50,000 టన్నులు దాటి, అక్కడినుంచి పడిపోయింది. ఆస్ట్రేలియాకు చెందిన టాస్మానియా దీవి తూర్పున సెయింట్ హెలెన్స్ అనే నీటి అడుగు కొండ దగ్గర 1989లో గుడ్లు పెట్టే గుంపు కనబడింది. మరుసటి ఏడే ఆగ్నేయ ఆస్ట్రేలియా జలాల్లో మొత్తం 40,000 టన్నులదాకా తీశారు. 2006కల్లా ఆస్ట్రేలియా దాన్ని రక్షణ అవసరమైన జాతుల జాబితాలో చేర్చవలసి వచ్చింది. వ్యాపారానికి పట్టే చేప ఆ జాబితాకెక్కడం ఆ దేశంలో అదే మొదలు. నమీబియాలో 1990ల మధ్యలో మొదలైన వేట కొద్ది ఏళ్లలోనే కుప్పకూలింది. 2000 ప్రాంతంలో దక్షిణ హిందూ మహాసముద్రంలోని కొండల మీదికి అనేక దేశాల నౌకలు ఎగబడ్డాయి. అదీ రెండుమూడేళ్ల ముచ్చటే అయింది.

చేపతోపాటు పోయినదాని లెక్క ఇంకా ఉంది. ఆ కొండల మీద పగడాలు ఉంటాయి. ఎండ అక్కర్లేని పగడాలు. వందల ఏళ్లకు ఇంత పెరిగేవి. బరువైన వల అడుగున రాసుకుంటూ పోతే అవి ఊడ్చుకుపోతాయి. టాస్మానియా దక్షిణాన వేట బాగా జరిగిన కొండల శిఖరాలను కెమెరాతో చూస్తే చాలావరకు బోడి రాయే కనిపించింది. ఏ ప్యాకెట్ మీదా ఆ పగడాల ధర రాసి ఉండదు.

భాకరాపేట చెట్లు

ఈ అభిప్రాయానికి రావడానికి మొదటి కారణం చేప కాదు, ఒక పెద్దాయన. 2003 ప్రాంతంలో భాకరాపేట వైపునుంచి ఒక రైతు నా దగ్గరికి వచ్చాడు. ఎకరంన్నరలో ఎర్రచందనం నాటి రెండేళ్లయింది. వాటిని హామీగా పెట్టుకుని బోరుకు అప్పు ఇమ్మని అడిగాడు. పక్కనే నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. మామిడి మీద ఇస్తానన్నాను, చందనం మీద ఇవ్వలేనన్నాను. నిబంధన ఒప్పుకోదు. చేవ కట్టడానికే పాతికేళ్లు పట్టే చెట్టును ఏ బ్యాంకూ హామీగా చూడదు. ఆయన కోపగించుకోలేదు. "మీ వడ్డీ రాత్రిపూట కూడా పెరుగుతుంది సార్. నా చెట్టు వానొచ్చినప్పుడే పెరుగుతుంది" అన్నాడు. ఆ మాట ఆ రోజు విని ఊరుకున్నాను. ఆక్లండ్‌నుంచి వచ్చాక ఆ రాత్రి అది మళ్లీ వినిపించింది.

ఎర్రచందనం సంగతి ఈ ప్రాంతంవాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు. మన శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండల చుట్టుపక్కల మాత్రమే పుడుతుంది. 1995నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉంది. అడవిలో చెట్టు ముట్టకూడదని చట్టం ఉంది. అయినా దుంగలు ఎలా పోతున్నాయో, వాటివల్ల ఎన్ని ప్రాణాలు పోయాయో తిరుపతిలో ఉంటూ చూశాం. వందేళ్ల చెట్టు పడడానికి రంపానికి పావుగంట చాలు. చేప కథ చదువుతుంటే అదంతా నాకు తెలిసిన కథలాగే అనిపించింది. నెమ్మదిగా పెరిగినదానికి గిరాకీ దొరికితే ఏమవుతుందో కొండకింద ఇంట్లో కూర్చుని చూసినవాణ్ణి.

ఇక్కడే నా వాదానికి ఒక చిక్కు కూడా ఉంది. ఆ పెద్దాయన నాటాడు కదా? నెమ్మదిగా పెరిగేది అమ్మకూడదంటే ఆయన్నీ అమ్మవద్దనాలి. అలా అనడానికి నాకు నోరు రాదు. పాతికేళ్లు ఎదురుచూశాడు. ఆ పాతికేళ్లలో ఒక కూతురి పెళ్లి చేశాడు, ఒక కరువు దాటాడు, చెట్టు మాత్రం కొట్టలేదు. ఇలా పొలాల్లో పెంచిన చందనానికి ఎగుమతి దారి ఇప్పుడు కొంత సుగమమైంది. 2023లో అడవి జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సంస్థ మన దేశాన్ని ఈ చెట్టు విషయంలో ప్రత్యేక సమీక్షనుంచి తప్పించింది. అది అన్యాయమని నేను అనలేను.

సంక్రాంతి తర్వాత ఆయన్ను చూడటానికి వెళ్లాను. చెట్లకు తాడు కట్టి చుట్టుకొలత చూసుకుంటున్నాడు. చేప సంగతంతా చెప్పాను. చివరిదాకా విని, "దాన్ని ఎవరు నాటారు సార్?" అని అడిగాడు. ఎవరూ నాటలేదన్నాను. "ఇప్పుడు నాటవచ్చా?" అన్నాడు. లేదు. వెయ్యి మీటర్ల లోతున ఎవరూ పెంచలేరు. పైకి వచ్చినదాన్ని తిరిగి వదిలినా బతకదు. ఆయన ఇంకేమీ అనలేదు, పక్క చెట్టుకు తాడు చుట్టాడు. నా అభిప్రాయంలో 'మనిషి నాటనిదాన్ని' అన్న ముక్క ఆ రోజునుంచే చేరింది.

అల్లుడి మాట

మా అల్లుడు నాతో ఒప్పుకోలేదు. అతను ఊరికే వాదించే మనిషి కాదు, చదివి మాట్లాడతాడు. అతని మాటల్ని ఇక్కడ పెట్టకపోతే నేను న్యాయంగా ఉన్నట్టు కాదు.

"మామయ్యా, మీరు చెప్పేది 1990 నాటి కథ" అన్నాడు. న్యూజిలాండ్ పట్టుబడి బాగా తగ్గించింది, కొన్నిచోట్ల వేట పూర్తిగా మూసి కోలుకోనిచ్చింది. 2016 డిసెంబరులో అక్కడి మూడు వేటలకు పేరున్న అంతర్జాతీయ సంస్థ నుంచి, నిలకడగా పడుతున్నారని సర్టిఫికెట్ కూడా వచ్చింది. ఆస్ట్రేలియా కూడా సెయింట్ హెలెన్స్ వైపు కొద్దిపాటి పరిమితితో వేటను మళ్లీ తెరిచింది. శాస్త్రం తప్పు చేసింది, తప్పు దిద్దుకుంది. ఇక అభ్యంతరం దేనికి?

ఇందులో నిజం ఉంది. పరిమితులు పెట్టినవాళ్లు చిత్తశుద్ధిలేనివాళ్లని నేను అనను. కానీ ఆ సర్టిఫికెట్‌ను అప్పుడే పర్యావరణ సంస్థలు గట్టిగా వ్యతిరేకించాయి. నా సందేహం మరోటి. నలభై ఏళ్లకు గుడ్డు పెట్టే చేప విషయంలో పదేళ్ల లెక్క ఎంత లెక్క? 1990లో వేట ముమ్మరంగా ఉన్నప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడిప్పుడే గుడ్లు పెట్టే ఈడుకు వస్తున్నాయి. నేడు లెక్కలో కనిపిస్తున్న పెద్ద చేపల్లో చాలావరకు వేట మొదలుకాకముందు పుట్టినవే. తాతలు దాచిన ధాన్యం తింటూ ఈ ఏటి పంట బాగుందనుకోవడం లాంటిది. పంట ఎలా ఉందో తెలియాలంటే నేనూ పోవాలి, మా అల్లుడూ పోవాలి. అంతకాలం ఒకే పరిమితికి కట్టుబడిన ప్రభుత్వాన్ని నేను చూడలేదు. ఎన్నిక ఐదేళ్లకు, అప్పు పదేళ్లకు, పడవ ముప్పై ఏళ్లకు. చేప మాత్రం రెండు వందల ఏళ్లకు.

అతను ఇంకో మాట అన్నాడు. దానికి నా దగ్గర సులువైన జవాబు లేకపోయింది. "మీరు ప్రతి ఆదివారం కొరమేను తింటారు. దాని ప్రాణం ప్రాణం కాదా? వయసుండటం ఒక్కటే గొప్పా?" అన్నాడు. రెండు రోజులు ఆలోచించాను. ముసలి చేప మీద జాలి కాదిది అనుకుంటున్నాను. జాలే అయితే అది కొరమేనుకూ చెందాలి, కోడికీ చెందాలి. నేను తిన్న కొరమేను స్థానంలోకి మరో కొరమేను ఏడాది తిరిగేసరికి చెరువులో ఉంటుంది, దాన్ని తిన్న నేనే చూస్తాను. నేను తిన్న ఆరెంజ్ రఫీ స్థానంలోకి దాని అంతటిది రావాలంటే నా మనవరాలు ముసలిదవ్వాలి. నేను వాడుకున్నది నా కాలంలో తీర్చలేని అప్పు, పైగా నాది కాని సంతకంతో. బ్యాంకులో అలాంటి కాగితం నా ముందుకు వస్తే నేను తిప్పి పంపేవాణ్ణి. తినేటప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు.

పాదరసం సంగతి కూడా ఉంది. ఎక్కువకాలం బతికే చేపలో అది పోగుపడుతుంది, గర్భిణులు ఈ చేప తినవద్దని అమెరికా ప్రభుత్వ సంస్థే చెబుతోంది. దాన్ని నా వాదంలో కలపడం నాకు ఇష్టం లేదు. నాకు హాని కాబట్టి మానేస్తాను అనడం వేరు.

ఐరోపా దేశాల సమాఖ్య ఒక పనిచేసింది. 800 మీటర్లకన్నా లోతున తమ జలాల్లో అడుగు వలలు ఈడ్చకూడదని 2016 చివరలో నియమం చేసింది. ఒక్కో చేపకూ ఒక్కో లెక్క వేయకుండా, ఆ లోతునే వదిలేసింది. అలా గీత గీయడమే మేలని నాకు అనిపిస్తుంది. ఎందుకంటే ఈ లెక్కల్లో తప్పు జరిగితే దిద్దడానికి మళ్లీ సమయం దొరకదు.

నాగలాపురంలో

మన దేశం సముద్రపు లోతులకు వెళ్లబోతోంది. 2021లో కేంద్రం 4,077 కోట్ల రూపాయలతో సముద్ర గర్భ అన్వేషణ పథకాన్ని ఆమోదించింది. మన పొరుగునే చెన్నైలో తయారవుతున్న జలాంతర వాహనంలో, రెండు మీటర్ల టైటానియం గోళంలో ముగ్గురు కూర్చుని ఆరు వేల మీటర్లు దిగుతారు. దాని పేరు మత్స్య 6000. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా గర్వంగా అనిపించింది, ఇప్పటికీ గర్వంగానే ఉంది. దానితోపాటే ఒక దిగులు. ఆ పథకం లక్ష్యాల్లో లోతున ఉన్న జీవులను తెలుసుకోవడమూ ఉంది, అడుగున ఉన్న ఖనిజాలను తీయడమూ ఉంది. ఆ జిగురు తల చేప విషయంలో తెలుసుకోవడం వెనకబడి, తీయడం ముందుకు దూకింది. ఈసారైనా ఆ వరస మారాలని నా కోరిక. దిగేవాళ్లు ముందు వయసు లెక్కపెట్టాలి, తర్వాతే ధర.

మొన్న మార్చిలో అమ్మను తీసుకుని నాగలాపురం వెళ్లాను. కృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరున వెలసిన ఊరు, వేదనారాయణస్వామి మత్స్యరూపంలో నిలిచిన గుడి. కథ మనకు తెలిసిందే. సత్యవ్రతుడు నదిలో దోసిలి పట్టగానే చేపపిల్ల పడుతుంది, పెద్ద చేపలు తినేస్తాయి, నన్ను కాపాడమంటుంది. రాజు కమండలంలో వేస్తాడు. తెల్లవారేసరికి అది పట్టదు, గోలెంలో వేస్తే అదీ పట్టదు, చెరువూ పట్టదు. చిన్నప్పటినుంచి ఆ కథలో ఆ పెరుగుదలే నన్ను ఆకట్టుకునేది. ఈసారి దారి పొడవునా నా మనసంతా కథ మొదట్లోనే ఉంది. చేప అడిగింది కాపాడమని, రాజు తనకు దానివల్ల ఏం వస్తుందో తెలియకుండానే సరేనన్నాడు.

గుడి పడమటి ముఖం. ఏటా మార్చిలో కొన్ని సాయంత్రాలు సూర్యకిరణాలు రాజగోపురం దాటి, అంత దూరం లోపలికి వచ్చి స్వామిని తాకుతాయి. మొదటి రోజు పాదాలు, రెండో రోజు నాభి, మూడో రోజు ముఖం. మేం వెళ్లింది మొదటి రోజు. ఆరు దాటాక జనమంతా నిశ్శబ్దమయ్యారు. వెలుతురు గడపలు దాటుతూ చాలా మెల్లగా వచ్చి పాదాల దగ్గర ఆగింది. కొద్ది నిమిషాలు ఉండి పోయింది.

బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే అమ్మ అంది, "రేపు నడుముదాకా వస్తుంది, ఎల్లుండి గానీ ముఖం మీద పడదు కదా." అవునన్నాను. రాత్రికి తిరుపతి చేరాలని కారు మాట్లాడుకుని వచ్చాం, మరునాడు పళ్ల డాక్టరు దగ్గర నాకు పని ఉంది. "పుత్తూరులో మీ పిన్ని కూతురు ఉంది. రెండు రాత్రులు అక్కడ పడుకుందాం" అంది.

డాక్టరుకు ఫోన్ చేసి రాలేనని చెప్పాను.